తోప్రాక్ మోటోజీపీకి వెళ్లాడు సరే, ఆ బ్రేకింగ్ అక్కడ చెల్లుతుందా?

మలుపురాయుడు

2025 ప్రపంచ సూపర్‌బైక్ రేసుల సీజన్ ముగిసింది. స్పెయిన్‌లోని హెరెజ్‌లో మూడో టైటిల్ ఖాయం చేసుకుని టర్కీ రైడర్ తోప్రాక్ రాజ్‌గాట్లియోగ్లు బీఎండబ్ల్యూకు వీడ్కోలు చెప్పాడు. 2026 నుంచి బైకు రేసుల పై మెట్టయిన మోటోజీపీలో ప్రమాక్ యమహా జట్టు, పక్క గ్యారేజీలో సహచరుడు జాక్ మిల్లర్. వయసు 29. ఇన్నాళ్లూ ‘ఇతను మోటోజీపీకి ఎప్పుడు వస్తాడు’ అని అడిగినవాళ్లే ఇప్పుడు ‘వచ్చి ఏం చేస్తాడు’ అంటున్నారు.

నా అనుమానం ఒక్కటే. అతని ఆటంతా ముందు చక్రం మీదే ఉంది. డోనింగ్టన్ సర్క్యూట్‌లోనో మోస్ట్‌లోనో అతను ఒకరిని దాటడం మీరు చూసే ఉంటారు. పక్కవాడు బ్రేకు పట్టిన చోటు దాటి ఇంకాస్త ముందుకు పోతాడు. అప్పుడు పడుతుంది బ్రేకు. వెనక చక్రం నేల విడిచి అటూ ఇటూ ఊగుతుంది. అది గాలిలో ఉండగానే బండి ముక్కు మలుపు లోపలికి తిరగడం మొదలవుతుంది. చక్రం మళ్లీ నేలను తాకేసరికి పక్కవాడికి దారి మూసుకుపోయి ఉంటుంది. తండ్రి ఆరిఫ్ టర్కీలో పేరు మోసిన స్టంట్ రైడర్, ఒంటిచక్రం మీద నడపడంలో దిట్ట. ఈ కొడుక్కి అది ఇంటి విద్య.

కానీ మోటోజీపీలో మిషెలిన్ టైర్లు. అక్కడ బండిని ఆపడంలో వెనక టైరుకు కూడా పెద్ద వాటా ఇవ్వాలని అందరూ అంటారు. వెనక చక్రం గాలిలో ఉంటే దానికి వాటా ఎక్కడిది? ఉన్న బలమే అడ్డం వస్తుందేమో అని నా భయం. మీరేమంటారు?

కొత్తబండి

నాకు మోటోజీపీ పిచ్చి పట్టింది 2023లో బుద్ధ్ సర్క్యూట్ రేసు చూశాకే. సూపర్‌బైక్ అంతగా చూడలేదు. మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయినవాడు మళ్లీ అ ఆలు దిద్దుకోవాలా? రెండూ వెయ్యి సీసీ బళ్లే కదా?

ఆటోనగర్ శ్రీను

ఆ వెయ్యి సీసీ అన్న మాట ఒక్కటే కలుస్తుంది తమ్ముడూ.

సూపర్‌బైక్ అంటే షోరూములో అమ్మే బండికి రేసు కోసం చేసిన మార్పు. డబ్బుంటే తోప్రాక్ నడిపిన బీఎండబ్ల్యూ ఎమ్ 1000 ఆర్‌ఆర్ మనమూ కొనుక్కుని రింగురోడ్డు మీద తిప్పవచ్చు. మోటోజీపీ బండిని ఎవరూ కొనలేరు, అది రేసు కోసమే పుట్టినది. కనీస బరువు సూపర్‌బైక్‌లో 168 కిలోలు, మోటోజీపీలో 157. బలం ఎక్కువ, బరువు తక్కువ. 2023లో ముజెల్లో స్ట్రెయిట్‌లో బ్రాడ్ బైండర్ గంటకు 366.1 కిలోమీటర్లు తాకాడు. అంత వేగం నుంచి మలుపు కోసం బండిని అదుపులోకి తేవాలి.

ఇక రాయుడు గారు అడిగిన బ్రేకు సంగతి. సూపర్‌బైక్‌లో స్టీలు డిస్కులు. మోటోజీపీలో కార్బన్. కార్బన్ చల్లగా ఉంటే సరిగా పట్టదు, వేడెక్కాక పట్టే పట్టు స్టీలుకు రాదు. లివర్ ఎంత నొక్కితే బండి ఎంత ఆగుతుందనే లెక్క ఇన్నేళ్లుగా అతని వేళ్లలో ఉంది. ఆ లెక్క ఇప్పుడు మారిపోతుంది. కుడిచేతి వాటం మనిషిని ఎడమచేత్తో సంతకం పెట్టమన్నట్టే. పెట్టలేడని కాదు, కొంతకాలం బ్యాంకువాడు ఒప్పుకోడు.

ఇంకొకటి, దీన్ని జనం తక్కువగా మాట్లాడుకుంటారు. వెనక సస్పెన్షన్‌ను కిందికి దించే పరికరం. మలుపు నుంచి బయటికి వస్తూ మీట నొక్కితే బండి వెనక భాగం కుంగుతుంది, ముందు చక్రం లేవకుండా ఇంజను బలమంతా రోడ్డుకు చేరుతుంది. తర్వాతి మలుపులో బ్రేకు పట్టినప్పుడు బండి మళ్లీ మామూలు ఎత్తుకు వస్తుంది. అంటే బ్రేకు పడే ఆ క్షణంలోనే బండి ఎత్తు మారుతోంది. సూపర్‌బైక్‌లో ఈ పరికరం నిషిద్ధం. చేతులకూ నడుముకూ ఇది బొత్తిగా కొత్త పాఠం.

స్టాప్‌వాచ్

శ్రీను గారు బండి చెప్పారు, నేను టైరు చెబుతాను. అసలు పేచీ అక్కడే.

పిరెల్లీ సూపర్‌బైక్ టైరు మెత్తన. ముందు టైరు మీద బరువు పడేకొద్దీ అది అణిగి రైడర్‌కు కబురు చెబుతుంది, జారబోయే ముందు హెచ్చరిస్తుంది. తోప్రాక్ బ్రేకింగ్ ఆ కబురు మీదే నిలబడింది. మిషెలిన్‌లో వెనక టైరుకు పట్టు చాలా ఎక్కువ. అది ముందు టైరును మలుపు బయటికి నెడుతుంది. కాబట్టి ముందు టైరుతోనే అన్నీ చేద్దామనుకునేవాడికి దారి తప్పుతుంది, లేదా ముందు టైరు ఉన్నట్టుండి చేతిలోంచి జారిపోతుంది. 2016లో బ్రిడ్జ్‌స్టోన్ స్థానంలో మిషెలిన్ వచ్చినప్పుడు ఆరితేరిన మోటోజీపీ రైడర్లే వరసగా పడ్డారు. వాళ్లు బండి మార్చలేదు, చాంపియన్‌షిప్ మార్చలేదు, టైరు ఒక్కటే మారింది.

దీనికి తోడు ముందు టైరు గాలి నిబంధన. 2024 నుంచి కనీసం 1.8 బార్ ఒత్తిడి ఉండాలి, రేసులో నిర్ణీత ల్యాపులు ఆ పైనే నడవాలి. తప్పితే ఆదివారం రేసులో 16 సెకన్ల శిక్ష, శనివారం జరిగే పొట్టి రేసు స్ప్రింట్‌లో 8. 2025 ఖతార్‌లో మావెరిక్ విన్యాలెస్ రెండో స్థానంలో గీత దాటి కూడా ఈ శిక్షతో 14కి జారిపోయాడు. మరోవైపు, ఒకరి వెనక దగ్గరగా వెళుతుంటే వేడిగాలికి టైరు లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అది పెరిగితే పట్టు తగ్గుతుంది. ఇప్పుడు ఆలోచించండి. ముందున్నవాడి వెనక చక్రానికి అతుక్కుని పోయి, చివరి క్షణంలో బ్రేకు పట్టి దూరడం తోప్రాక్ సొత్తు. అతుక్కుని పోవడమే ఇక్కడ శిక్ష.

సింధు_మ్యూనిక్

మీరందరూ కలిసి అతన్ని థాయిలాండ్‌లోని బురిరాంలో మొదటి రేసు మొదలవకముందే ఓడించేశారు.

నేను మ్యూనిక్‌లో ఉంటాను కాబట్టి బీఎండబ్ల్యూ మీద అభిమానం ఉందని ముందే చెబుతున్నాను, తర్వాత అనుకోవద్దు. ఈ కంపెనీ సూపర్‌బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి వచ్చింది 2009లో. 2023 చివరి దాకా రైడర్ టైటిల్ ఒక్కటీ లేదు. 2024లో తోప్రాక్ యమహా వదిలి ఇటు వస్తున్నప్పుడు కూడా ఇవే మాటలు విన్నాం. ‘ఆ బండి ముందు భాగం అతనికి సరిపడదు’, ‘యమహా అతని ఒంటికి కుట్టిన బండి’. ఆ సంవత్సరం వరసగా 13 రేసులు గెలిచాడు. సెప్టెంబరులో మాన్యీ-కూర్ ప్రాక్టీసులో పడి ఊపిరితిత్తికి దెబ్బ తగిలి, అక్కడా తర్వాత క్రెమోనాలోనూ రేసులు పోయినా టైటిల్ మాత్రం పోలేదు.

కొత్త బండికి అలవాటు పడటం అతనికి రాదని ఎవరు చెప్పగలరు? కవాసాకీలో గెలిచాడు, 2020లో యమహాకు మారి అక్కడ మొదటి రేసే గెలిచాడు, బీఎండబ్ల్యూలో గెలిచాడు. మూడు కంపెనీల బళ్లు అవి, గమనించండి.

స్టాప్‌వాచ్

సింధు గారూ, గమనించాను. మూడు కంపెనీలూ పిరెల్లీ మీదే నడిచాయి. బండి మారింది గానీ నేల అతనికి చెప్పే భాష మారలేదు. అదొకటి.

ఇంకొకటి, 2024 బీఎండబ్ల్యూకు వెనకబడిన కంపెనీలకిచ్చే ప్రత్యేక రాయితీ కింద వేరే చాసీ (బండి చట్రం) ఉండేది. 2025కు అది పోయింది, సీజన్ మొదట్లో తోప్రాకే దాని గురించి గట్టిగా సణిగాడు.

సింధు_మ్యూనిక్

సణిగి, అదే సీజన్‌లో మళ్లీ చాంపియన్ అయ్యాడు. నా మాటకు మీరే సాక్ష్యం తెచ్చిపెట్టారు, ధన్యవాదాలు.

పాత_యెజ్దీ

ఈ చర్చకు చరిత్ర కావాలి. మీలో సగం మంది పుట్టకముందు నుంచీ చూస్తున్నవాణ్ణి, కాస్త ఓపిగ్గా వినండి.

ఒక చాంపియన్‌షిప్ నుంచి మరొకదానికి వెళ్లి తడబడకుండా గెలిచినవాడు ఎవడంటే నేను ముందు బెన్ స్పీస్ పేరే చెబుతాను. 2006, 2007, 2008 మూడేళ్లూ అమెరికా సూపర్‌బైక్ చాంపియన్, సుజుకీ మీద. 2009లో యమహా ఎక్కి ప్రపంచ సూపర్‌బైక్‌కు వచ్చాడు. యూరప్ సర్క్యూట్లలో చాలా వరకు అతనికి కొత్త. అయినా 14 విజయాలు. నొరియుకి హాగా సీజన్ చాలావరకు ముందున్నాడు, చివరికి పోర్టిమావోలో టైటిల్ స్పీస్‌కు పోయింది. తేడా 6 పాయింట్లు. మరుసటి ఏడు మోటోజీపీ, టెక్‌3 యమహా. మొదటి సీజన్‌లో ఆరో స్థానం, ఇండియానాపోలిస్‌లో పోల్, అంటే రేసు మొదలయ్యే వరసలో మొదటి చోటు. 2011లో అసెన్‌లో గెలిచాడు. తర్వాత గాయాలు అతన్ని తినేశాయి, అది వేరే కథ.

రెండోవాడు ట్రాయ్ బేలిస్. 2006 సూపర్‌బైక్ చాంపియన్. సెటె జిబర్నావ్ గాయపడితే అతని బదులు వాలెన్సియాలో డుకాటీ ఎక్కి ఏకంగా గెలిచాడు. 990 సీసీ బళ్ల ఆఖరి రేసు అది. అయితే బేలిస్ అంతకుముందు మూడేళ్లు మోటోజీపీలో ఉన్నవాడే, కాబట్టి కొత్తవాడి ఖాతాలో వేయకండి. చాలామంది వేస్తారు.

ఇప్పుడు రెండోవైపు. అల్వారో బౌటిస్టా. 2019లో మోటోజీపీ నుంచి సూపర్‌బైక్‌కు దిగి, కొత్త డుకాటీ పానిగేల్ వీ4 ఆర్ మీద మొదటి 11 రేసులూ గెలిచాడు. ఫిలిప్ ఐలండ్, బురిరాం, ఆరగాన్, అసెన్. మోటోజీపీలో తొమ్మిది సీజన్లు తిరిగి ఒక్క రేసూ గెలవనివాడు! ఆ తర్వాత హెరెజ్‌లో పడ్డాడు, మిసానోలో పడ్డాడు, లగూనా సెకాలో పడ్డాడు, టైటిల్ జొనాథన్ రే ఎత్తుకుపోయాడు. 2022, 2023లో బౌటిస్టాయే చాంపియన్. ఆ 2023 చివర్లో సెపాంగ్‌లో వైల్డ్‌కార్డుగా, అంటే ఆ ఒక్క రేసుకు అతిథిగా, మోటోజీపీ డుకాటీ ఎక్కాడు. రెండుసార్లు సూపర్‌బైక్ చాంపియన్, అదే కంపెనీ బండి. 17వ స్థానం.

మొన్నటికి మొన్న, 2025లో, డుకాటీ మోటోజీపీ రైడర్ మార్క్ మార్కెజ్ మండాలికాలో గాయపడితే నికొలో బులేగాను ఎక్కించారు కదా. 2025 సూపర్‌బైక్‌లో తోప్రాక్‌ను చివరి రౌండ్ దాకా వదలని కుర్రాడు. చాంపియన్‌షిప్ గెలిచిన ఫ్యాక్టరీ డుకాటీ కింద ఉంది. పోర్టిమావోలో 15వ స్థానం, ఒక పాయింట్.

అంచనా ఈ రెండు అంకెల మధ్య వేసుకోవాలి, 13 వరస విజయాలు చూసి కాదు.

ట్రాక్‌డే_రవి

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్‌లో ట్రాక్ డేలకు వెళుతుంటాను. నా అనుభవం వాళ్ల ముందు ఎంత చిన్నదో తెలుసు, అయినా ఒకటి చెబుతాను. ఒకే బండికి టైరు కంపెనీ మార్చి అదే మలుపుకు వెళ్లినప్పుడు మొదట మారేది వేగం కాదు, బ్రేకు వదిలే చోటు. పాత టైరుతో మలుపు మధ్యదాకా బ్రేకు కొద్దికొద్దిగా వదులుతూ వెళ్లేవాణ్ణి. కొత్తదానితో అలా చేస్తే ముందు భాగం తేలిపోయినట్టుండేది. నిలువుగా ఉండగానే బ్రేకింగ్ ముగించి, వదిలేసి, అప్పుడు వంచాల్సి వచ్చింది. బుర్రకు అర్థమైంది మొదటి ల్యాపులోనే. చేతికి మాత్రం చాలా ఆలస్యంగా అర్థమైంది. ముందు ఎవరైనా కనబడితే చేయి పాత పనే చేసేది.

తోప్రాక్‌కూ ఒంటరిగా ఒక ల్యాపు తీయడం ముందు వస్తుందనుకుంటాను, గుంపులో రేసు చేయడం తర్వాత వస్తుంది.

మలుపురాయుడు

రవి చెప్పిన ఆఖరి వాక్యం నేను వెతుకుతున్న మాట. టెస్టుల్లో టైము చూసి అందరూ తీర్పులు రాస్తారు. టెస్టులో ముందెవరూ ఉండరు. అసలు పరీక్ష పన్నెండో స్థానంలో ఎనిమిది బళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు. పైగా ఇప్పుడు రెక్కలున్న బళ్లు, ముందు బండి వదిలే గాలి సుడులు వెనక బండి ముక్కును కుదురుగా ఉండనివ్వవు.

లొరెంజో_99

అందరూ మనిషిని బండికి సరిపెట్టడం గురించే మాట్లాడుతున్నారు. బండిని మనిషికి సరిపెట్టడం సంగతి ఏమిటి?

మా హోర్హె లొరెంజో కథ చూడండి. యమహాలో మూడు మోటోజీపీ టైటిళ్లు: 2010, 2012, 2015. నున్నగా, గీత గీసినట్టు మలుపు తిరిగేవాడు. 2017లో డుకాటీ ఎక్కాడు. డుకాటీని గట్టి బ్రేకింగ్‌తో, కండతో నడపాలి. ఏడాదంతా విజయం లేదు. 2018లోనూ మొదట్లో లేదు. అతను అడుగుతున్నది చిన్న విషయం: బ్రేకు పట్టినప్పుడు ఒళ్లంతా చేతుల మీద పడుతోంది, రేసు సగానికి చేతులు అయిపోతున్నాయి, తొడలూ పొట్టా ఆనించుకోవడానికి పెట్రోలు ట్యాంకు ఆకారం మార్చండి అని. ముజెల్లోకు ఆ ట్యాంకు వచ్చింది. ముజెల్లోలో గెలిచాడు, వెంటనే బార్సిలోనాలో గెలిచాడు. అప్పటికే డుకాటీతో తెగిపోయింది, మరుసటి ఏడాదికి హోండాతో ఒప్పందం కుదిరిపోయింది.

ఇంజను మార్చలేదు, చాసీ మార్చలేదు. ఒంటికి ఆనే చోట కాస్త మార్పు. అందుకే ప్రమాక్ మెకానిక్కులు తోప్రాక్‌కు ఎంత త్వరగా చెవి ఒగ్గుతారన్నది నాకు టైరు కన్నా ముఖ్యం.

పాత_యెజ్దీ

లొరెంజో గురించి మంచి మాట చెప్పావు నాయనా. అదే ప్రమాణంతో వలెంటినో రోసీని కూడా కొలువు. 2011లో డుకాటీకి వెళ్లినప్పుడు తన పాత మెకానిక్కుల బృందాన్ని వెంటబెట్టుకు వెళ్లాడు, ఇటలీ అంతా చెవి ఒగ్గింది, చాసీ కార్బన్ నుంచి అల్యూమినియంకు మార్చారు. రెండు సీజన్లలో ఒక్క గెలుపు లేదు, మూడు పోడియంలతో (మొదటి మూడు స్థానాల్లో ముగించడంతో) సరి. బండి మాట వినకపోతే ఎంత గొప్పవాడైనా అంతే.

కొత్తబండి

మరి మార్కెజ్? హోండాలో పదకొండేళ్లు ఉండి డుకాటీకి వచ్చి ఇట్టే గెలిచాడు కదా?

స్టాప్‌వాచ్

ఇట్టే కాదు. 2024 సీజన్ మార్చిలో మొదలైతే గ్రెసీనీ డుకాటీ మీద అతని మొదటి ఆదివారం గెలుపు సెప్టెంబరు 1న, ఆరగాన్‌లో. టైటిల్ ఆ మరుసటి ఏడాది, మోటెగిలో. అతను అంతవరకు నడిపిన టైర్లు అవే, సర్క్యూట్లు అవే, ఎక్కిన బండి ఏడాది పాతదైనా ఆ సమయానికి అందరికన్నా ముందున్న కంపెనీది. ఇన్ని కలిసొచ్చినా ఆరు నెలలు పట్టింది. తోప్రాక్‌కు వీటిలో ఏదీ పూర్తిగా లేదు.

ఆటోనగర్ శ్రీను

యమహా బండే కొత్తదని ఎవరూ అనలేదే? ఇన్నేళ్లుగా యమహా మోటోజీపీ బండి ఎమ్1లో నాలుగు సిలిండర్లు ఒక వరసలో ఉండేవి. 2026కు వీ4 ఇంజను, అంటే రెండేసి సిలిండర్లు ‘వీ’ ఆకారంలో ఉంటాయి. 2025 సెప్టెంబరులో మిసానోలో అగస్టో ఫెర్నాండెజ్ వైల్డ్‌కార్డుగా దాన్ని మొదటిసారి రేసులో నడిపాడు. తోప్రాక్ 2022లో ఆరగాన్‌లో, 2023లో హెరెజ్‌లో యమహా మోటోజీపీ బండి నడిపి చూశాడు, కానీ అవి పాత వరస ఇంజనువి. అప్పుడు నేర్చుకున్నది ఇప్పుడు పెద్దగా అక్కరకు రాదు.

మెకానిక్కుగా నా అభిప్రాయం అడిగితే ఇది అతనికి నష్టం కన్నా లాభమే. వరస ఇంజనులో క్రాంక్‌షాఫ్టు అడ్డంగా పొడవుగా ఉంటుంది, వీ4లో పొట్టిగా ఉంటుంది. ఇంజను సన్నబడుతుంది, దాన్ని చాసీలో ఎక్కడ పెట్టాలి, బరువు ముందుకా వెనక్కా అన్న లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. యమహా రైడర్లు క్వార్టరారో, రిన్స్, మిల్లర్ ముగ్గురూ పాత బండికి అలవాటు పడ్డ చేతులు. వాళ్లూ మొదటి నుంచి మొదలుపెడుతున్నారు. అందరూ తడుముకుంటున్న ఇంట్లోకి వచ్చినవాడికి తాను కొత్తవాణ్ణన్న బిడియం ఉండదు.

స్టాప్‌వాచ్

దానికి వ్యతిరేకంగా కూడా వాదించవచ్చు. కుదిరిన బండి మీద కొత్తవాడు తడబడితే తప్పు ఎవరిదో తెలుస్తుంది: పక్కవాడి డేటా తెరిచి, అతను ఎక్కడ బ్రేకు వదిలాడో, ఎక్కడ థ్రాటిల్ తెరిచాడో గీతలు ఒకదానిపై ఒకటి పెట్టి చూస్తారు. బండే కుదరనప్పుడు ఆ గీతలకు అర్థం ఉండదు. ముందు చక్రం జారింది తన చేతి వల్లా, చాసీ వల్లా? కొత్తవాడికి తెలియదు, ఇంజనీర్లకూ తెలియదు.

ఊరట ఒకటి ఉంది. వెనకబడిన కంపెనీలకు ఎక్కువ వెసులుబాటు ఇచ్చే రాయితీల పట్టికలో యమహా అట్టడుగున, డి శ్రేణిలో ఉంది కాబట్టి రేసు రైడర్లతోనే అదనపు టెస్టులు చేసుకోవచ్చు. డుకాటీకి ఆ వెసులుబాటు లేదు. తోప్రాక్ వాడుకోవాల్సింది దాన్నే.

సింధు_మ్యూనిక్

అసలు తమాషా మీరెవరూ అనలేదు. 2027లో మోటోజీపీకి టైర్లు ఇచ్చేది పిరెల్లీ.

కొత్తబండి

నిజమా? అంటే అతను ఒక్క ఏడాది కోసం మిషెలిన్ నేర్చుకుంటున్నాడా?

సింధు_మ్యూనిక్

నిజమే. 2027లో నిబంధనలు మొత్తం మారుతున్నాయి. ఇంజను 850 సీసీకి తగ్గుతుంది, శ్రీను గారు చెప్పిన ఎత్తు తగ్గించే పరికరాలు నిషేధం, రెక్కల సైజు తగ్గింపు. టైర్లు పిరెల్లీవి. ఇవన్నీ కలిపి చూస్తే 2027 మోటోజీపీ బండి ఇప్పటి బండి కన్నా సూపర్‌బైక్ రైడర్‌కు దగ్గర. యమహా అతన్ని 2026 ఫలితాల కోసం తీసుకుందని నేను నమ్మను. 2026 అంటే అతనికి సర్క్యూట్లు, కార్బన్ బ్రేకులు, వారాంతం నడత నేర్చుకునే ఏడాది.

పాత_యెజ్దీ

అమ్మా, ఇంత ముద్దుగా చెబితే నాకూ నమ్మాలనిపిస్తోంది. కానీ రేసు లోకంలో ‘మరుసటి ఏడాది’ అన్న మాట మీద కాంట్రాక్టులు నిలబడవు. జొనాథన్ రేను చూడు. కవాసాకీలో ఆరు టైటిళ్లు, 2015 నుంచి 2020 దాకా వరసగా. 2024లో యమహాకు మారాడు. అదే చాంపియన్‌షిప్, అవే పిరెల్లీలు, అవే సర్క్యూట్లు. తోప్రాక్ 2021లో టైటిల్ గెలిచింది ఆ యమహా మీదే. జొనాథన్ రే ఆ ఏడాదంతా అందుకున్నది డోనింగ్టన్‌లో ఒకే ఒక పోడియం. 2025తో పూర్తికాల రేసింగ్ మానేశాడు. ఆరుసార్లు చాంపియన్ అయినవాడికి కూడా కాలం అంతకంటే ఎదురుచూడలేదు.

మలుపురాయుడు

రే ఉదాహరణ బరువైనదే, అయితే తేడా ఒకటి ఉంది. రే యమహా ఎక్కేసరికి 37 దాటాడు. అతనిలో బలం ఏమిటంటే కవాసాకీ ముందు భాగం మీద ఉన్న నమ్మకం, దాన్ని అతను ఏళ్ల తరబడి ఆ బండితోనే కట్టుకున్నాడు. తోప్రాక్ బండి మారిన ప్రతిసారీ తన పద్ధతి చెడగొట్టుకోలేదు, బండినే తన పద్ధతికి లాగాడు.

నాకు అసలు తేలనిది అదే. లాగడం ఇక్కడ కుదురుతుందా? సూపర్‌బైక్‌లో జట్టు అతని చుట్టూ తిరిగింది. యమహా మోటోజీపీలో క్వార్టరారో ఉన్నాడు, 2021 ప్రపంచ చాంపియన్, బండి ఎటు వెళ్లాలో ముందు అతని మాటే చెల్లుతుంది. క్వార్టరారో కోరేదీ తోప్రాక్ కోరేదీ ఒకటైతే సరే. కాకపోతే తోప్రాక్ వంగాల్సి వస్తుంది, ఇంతవరకు అతను వంగాల్సి రాలేదు.

లొరెంజో_99

ఇద్దరూ బ్రేకింగ్ బలం మీద బతికేవాళ్లే. క్వార్టరారో కూడా ముందు టైరు మీద నమ్మకం ఉంటేనే క్వార్టరారో. మీ భయం ఇక్కడ తగ్గించుకోవచ్చు.

ట్రాక్‌డే_రవి

సర్క్యూట్ల సంగతి కూడా చూడండి. హెరెజ్, అసెన్, ఆరగాన్, మిసానో, బార్సిలోనా, పోర్టిమావో, ఫిలిప్ ఐలండ్, బలాటన్ పార్క్ అతను సూపర్‌బైక్‌లో తిరిగినవే. మొదటి రేసు బురిరాం కూడా 2018, 2019లో చేశాడు. కుర్రతనంలో రెడ్‌బుల్ రూకీస్ కప్‌లో ఉన్నాడు కాబట్టి మరికొన్ని చిన్న బండి మీద తెలుసు. ఆస్టిన్, మోటెగి లాంటివి చూసుకోవాలి. కానీ సర్క్యూట్ నేర్చుకోవడం పెద్ద సమస్య కాదు. 2023లో బుద్ధ్‌కు అందరూ కొత్తే కదా, మార్కో బెజెక్కి గెలిచాడు, అందరికీ శుక్రవారం సాయంత్రానికే గీత దొరికేసింది.

తెలిసిన సర్క్యూటే ఒక్కోసారి ప్రమాదం. హెరెజ్‌లో మలుపుకు దూరం చూపే ఏ బోర్డు దగ్గర బ్రేకు పట్టాలో అతనికి నిద్రలోనూ తెలుసు. ఆ బోర్డు ఇప్పుడు తప్పు బోర్డు.

ఆటోనగర్ శ్రీను

ఇది పక్కా మాట.

కొత్తబండి

అయితే 2026 మార్చి 1న బురిరాంలో నేను ఏం చూడాలి? స్థానం చూసి లాభం లేదని అర్థమైంది. ఇంకో ప్రశ్న, బండి మీద అతని పాత 54 నంబరు ఏమైంది?

స్టాప్‌వాచ్

మోటోజీపీలో 54 మరో రైడర్ ఫెర్మిన్ అల్దెగేర్ దగ్గర ఉంది, అందుకని 7 తీసుకున్నాడు.

బురిరాంలో రెండు చోట్లు చూడండి. మూడో మలుపు, చివరి మలుపు. రెండూ గట్టి బ్రేకింగ్. శనివారం స్ప్రింట్‌లో, ముందు ఎవరైనా ఉన్నప్పుడు, వెనక చక్రం నేల మీద ఉందా గాలిలో ఉందా చూడండి. గాలిలో ఉంటే ఇంకా సూపర్‌బైక్ నడుపుతున్నట్టు. నేల మీద ఉండి, బండి కొద్దిగా అడ్డంగా జారుతూ మలుపులోకి దిగితే పాఠం ఎక్కుతున్నట్టు. ఆదివారం రేసులో సగం అయ్యాక ల్యాపు టైములు చూడండి. మొదటి అయిదు ల్యాపులు చూసి సంబరపడకండి, కొత్త టైరు మీద ఎవరైనా వేగంగానే ఉంటారు.

సింధు_మ్యూనిక్

వెనక చక్రం గాలిలో ఉండి కూడా ఎవరినైనా దాటేస్తే?

స్టాప్‌వాచ్

దాటేసి మలుపు లోపలే నిలబడితే ఈ చర్చలో నేను రాసినదంతా చెరిపేయమని నిర్వాహకులను అడుగుతాను. దాటేసి బయటికి జారి, ఆ సందులో ముగ్గురు దూరితే మాత్రం మీరు ఏమీ అనకూడదు.

పాత_యెజ్దీ

నా లెక్క రాసి పెట్టుకోండి. మొదటి ఆరు రౌండ్లలో మొదటి పదిలోకి ఒకటి రెండుసార్లు వస్తాడు, అదీ వానపడితే. వేసవి విరామం తర్వాత అసలు సంగతి. స్పీస్‌లా ఆరో స్థానం అందుకుంటాడని మాత్రం నేను అనను, స్పీస్ ఎక్కింది గెలుస్తున్న యమహా.

సింధు_మ్యూనిక్

నాది అసెన్. జూన్‌లో అక్కడ మొదటి అయిదులో ఉంటాడు. రాసి పెట్టుకోండి.

మలుపురాయుడు

రెండూ రాసి పెట్టాను. బురిరాం స్ప్రింట్ రోజు కొత్త చర్చ తెరుస్తాను, ల్యాపు టైములు స్టాప్‌వాచ్ గారు పెడతారు. శ్రీను గారూ, ఆ లోపు కార్బన్ డిస్కు వేడి గురించి విడిగా ఒక టపా రాయండి, వానలో అది ఎలా పని చేస్తుందో చాలామంది అడుగుతున్నారు.